యువ రచయితకు లేఖ: ఫ్రాయ్ బెంటోస్‌లో నది దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉరుగ్వే దేశంలోని నదీతీరపు ఊరు ఫ్రాయ్ బెంటోస్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా శ్రద్ధగా సమాచారం సేకరించావు. అయితే భూగోళం మొదట, ఆర్థికం తర్వాత, చరిత్ర చివర అంటూ పాఠ్యపుస్తకంలోలా మూడు ముక్కలు చేశావు. దానితో ఊరు మాయమైంది. అక్కడ ఆ మూడూ ఒకటే. ప్రపంచానికి మాంసం పంపిన కర్మాగారం ఈ చిన్న ఊళ్లోనే ఎందుకు వెలిసిందని అడిగి చూడు.

దక్షిణ బ్రెజిల్ కొండల్లో పుట్టిన ఉరుగ్వే నది దిగువకు వచ్చేసరికి అర్జెంటీనాకూ ఉరుగ్వేకూ మధ్య సరిహద్దుగా పారుతుంది. ఫ్రాయ్ బెంటోస్ ఉన్న తూర్పు ఒడ్డున నీరు లోతుగా ఉంటుంది కాబట్టి సముద్రపు ఓడలు అక్కడిదాకా వస్తాయి. ఊరి వెనక పశువులు మేసే విశాలమైన గడ్డి మైదానాలు. మొదటి పేరాలో జనాభా లెక్కలు తీసేసి ఈ లోతు గురించి రాయి.

1859లో ఊరు వెలిసే నాటికి ఆ ప్రాంతంలో పశువులను ముఖ్యంగా తోలు కోసం, కొవ్వు కోసం చంపేవారు. కొంత మాంసాన్ని ఉప్పు పట్టించి, ఎండబెట్టి, బ్రెజిల్, క్యూబాలలో బానిసల తిండికి పంపేవారు. మిగిలినదాన్ని పారేసేవారు. మాంసాన్ని చల్లగా ఉంచి తీసుకెళ్లే ఓడలు అప్పటికి లేవు. అటు జర్మనీలో యూస్టుస్ ఫాన్ లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త మాంసాన్ని ఉడికించి సారం తీసే పద్ధతిని 1847లో ప్రకటించాడు. కిలో సారానికి 30 కిలోలకు పైగా మాంసం కావాలి. యూరప్ ధరలకు అది గిట్టుబాటు కాదు. ఒకచోట వృథా అవుతున్నది ఇంకోచోట అందనంత ఖరీదని గ్రహించిన ఇంజనీరు గేయోర్గ్ గీబర్ట్ 1863లో ఇక్కడ పని మొదలుపెట్టాడు. ఈ సారం తయారీకే 1865లో లండన్‌లో లీబిగ్ కంపెనీ ఏర్పడింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. దీన్ని రెండు వాక్యాల్లో దాటేశావు, నాకు చాలా వెలితిగా అనిపించింది. ఇక్కడ తీరిగ్గా నిలబడి రాయి.

డబ్బా మాంసం, 1883లో వెలిగిన విద్యుద్దీపాలు, 1924లో కర్మాగారం బ్రిటిష్ యజమానుల చేతికి వెళ్లి ‘ఆంగ్లో’ అన్న పేరుకు మారడం, ఇవన్నీ క్లుప్తంగా చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక బ్రిటిష్ యుద్ధ ట్యాంకుకు ఈ ఊరి పేరు పెట్టారన్నది మాత్రం వదలకు. కందకాల్లోని సైనికుడికి ఈ ఊరి మాంసం డబ్బా ఎంత పరిచయమో దానివల్ల తెలుస్తుంది.

కార్మికుల గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు. 50కి పైగా దేశాల నుంచి మనుషులు వచ్చి అక్కడ పని చేశారు. కంపెనీ కాగితాల్లో డబ్బాల లెక్కలు దొరుకుతాయి కనుక మన కలం అటే పోతుంది. నువ్వు మేనేజరు ఉన్న పెద్ద బంగళాను, కార్మికుల ఇళ్ల వరసలను పక్కపక్కన పెట్టి చూపించు. 1979లో కర్మాగారం మూతపడిందని రాసినప్పుడు, ఆ ఇళ్లలో ఆగిపోయిన జీతం కూడా పాఠకుడికి గుర్తుండాలి. 2015లో యునెస్కో వారసత్వ గుర్తింపు ఇచ్చినది యంత్రాలకు మాత్రమే కాదు, ఆ ఇళ్లకు కూడా.

కాగితపు గుజ్జు మిల్లును అనుబంధంలా చివర అతికించావు. నిజానికి కథ అక్కడ మళ్లీ నదికే చేరుతుంది. యూకలిప్టస్ కలప నుంచి గుజ్జు తీసే ఫిన్లాండ్ కంపెనీ మిల్లు 2007లో నడవడం మొదలైంది. నది కలుషితమవుతుందని నదికి అవతల అర్జెంటీనాలో ఉన్న గ్వాలెగ్వైచూ పట్టణ ప్రజలు రెండు దేశాలను కలిపే వంతెనకు వెళ్లే దారిని ఏళ్ల తరబడి మూసేశారు. వివాదం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. నదిపై 1975లో కుదిరిన ఒప్పందం ప్రకారం అర్జెంటీనాకు ముందే తెలియజేసి సంప్రదించాల్సిన బాధ్యతను ఉరుగ్వే ఉల్లంఘించిందని 2010లో కోర్టు తేల్చింది. కాలుష్యం ఆరోపణ మాత్రం రుజువు కాలేదంది, మిల్లు మూయించలేదు. తీర్పులోని ఈ రెండు భాగాలూ రాయి. నువ్వు ఉరుగ్వే గెలిచిందని మాత్రమే రాశావు, అది సరికాదు. గ్వాలెగ్వైచూ వారి భయమేమిటో వాళ్ల వైపు నుంచి ఒక పేరా చేర్చి, వ్యాసం మళ్లీ పంపు.