పుస్తకాల పార్శిల్ మంచం కిందే ఉండిపోతే

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి ఇంటర్ అయ్యాక ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీలకు వెళ్తూ, పోయిన ఏడాది ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో బీకాం చేరాడు. పుస్తకాల పార్శిల్ విప్పకుండా మంచం కిందే ఉంది. అసైన్‌మెంట్లు రాయలేదు, పరీక్షలకూ వెళ్లలేదు. ‘ఏడాది పోయిందమ్మా, ఇక మానేస్తా’ అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. ఏడాది పోలేదు. మామూలు కాలేజీ లెక్క ఇక్కడికి పట్టుకొచ్చి బాబు బెంగపడుతున్నాడు. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు ముగించుకోవచ్చు. మొదటి ఏడాది పేపర్లు మిగిలిపోయినా ఫీజు కట్టి రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. మిగిలినవి జూన్‌లోనో డిసెంబర్‌లోనో రాసుకోవచ్చు. ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేకే ఎంతోమంది పిల్లలు మధ్యలో ఆగిపోతారు. అది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నా దగ్గరికి వచ్చే దూరవిద్య విద్యార్థుల్లో సబ్జెక్టు కష్టమై మానేసినవాళ్లు తక్కువ. ఒంటరిగా చదవలేక మానేసినవాళ్లే ఎక్కువ. విద్యార్థి చదువులో నిలబడటానికి తెలివి ఒక్కటే చాలదని, ఆ సంస్థతో, అక్కడి మనుషులతో ఎంత కలిశాడన్నది కూడా ముఖ్యమని అమెరికా పరిశోధకుడు విన్సెంట్ టింటో 1975లోనే రాశాడు. సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి వచ్చి పడుకునే కుర్రాడికి క్లాస్‌మేట్ ఎక్కడ దొరుకుతాడు? ఆ లోటు తీర్చడానికే స్టడీ సెంటర్ ఉంది. అక్కడ ఎక్కువగా సెలవు రోజుల్లో కౌన్సెలింగ్ క్లాసులు పెడతారు. థియరీ సబ్జెక్టులకు హాజరు తప్పనిసరి కాదు కాబట్టి పిల్లలు అటు వెళ్లరు. వెళ్లినవాళ్లకు మాత్రం పాఠంతో పాటు ఫోన్ చేసి ‘ఫారం నింపావా?’ అని అడిగే నేస్తం కూడా దొరుకుతాడు.

అసైన్‌మెంట్‌నూ తేలిగ్గా తీసుకోవద్దు. బీకాంలో మార్కుల్లో 30 శాతం దానికే. అది ఇవ్వనిదే ఆ పేపరు పూర్తయినట్టు కాదు. ఒకమ్మాయి దిద్దిన అసైన్‌మెంట్ తెచ్చి నాకు చూపించింది. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ‘ఉదాహరణ ఇస్తే ఇంకా బాగుండేది’ అని ఉంది. ‘దిద్దిన సారు నిజంగా చదివారండీ!’ అంది. ఆ అమ్మాయి తర్వాత ఒక్క అసైన్‌మెంటూ ఆపలేదు.

పోయిన ఏడాది ప్రశ్నలకు ఇప్పుడు జవాబులు రాస్తే చెల్లకపోవచ్చు. కొత్తవి డౌన్‌లోడ్ చేసుకోమనండి. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ రాయాలి. నేరుగా ఇవ్వాలో ఆన్‌లైన్‌లో పంపాలో ముందే కనుక్కోవాలి. ఇచ్చాక రసీదు దాచుకోవాలి. ఏ సందేహమున్నా విశాఖలోనే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది, వెళ్లి అడగవచ్చు.

వచ్చే ఆదివారం బాబుకి ఏ షిఫ్టు పడిందో చూడండమ్మా. ఖాళీగా ఉంటే పార్శిల్ మీరే విప్పి, పుస్తకాలు మంచం మీద పెట్టి, స్టడీ సెంటర్ దాకా తోడు వెళ్లండి. మొదటిసారి గుమ్మం దాటించేవాళ్లు కావాలి, అంతే.