చిన్న పిల్లలతో సింగపూర్ పోతున్న బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

దసరా సెలవులకు పిల్లలిద్దరినీ తీసుకుని సింగపూర్ పోతున్నారని మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమనిపించింది. కానీ మీ అమ్మ మాటలో భయం వినిపించింది. "పెద్దదానికి ఐదేళ్లు, చిన్నోడికి ఇంకా రెండు కూడా నిండలేదు, ఇప్పుడే ఎందుకక్కా" అన్నది. నేను వద్దనను. మా మనవడికి మూడేళ్లు, మనవరాలికి ఏడాదిన్నర ఉన్నప్పుడు కూతురు, అల్లుడితో కలిసి మీ పెదనాన్న, నేను అక్కడికే పోయి వచ్చాం. నాలుగేళ్ల తర్వాత మళ్లీ పోయాం. మొదటిసారి తప్పులు చేశాం, రెండోసారి సరిదిద్దుకున్నాం. ఆ తప్పులు నీకు ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు, అల్లుడికి కూడా చూపించు.

మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. ఒక ట్రావెల్స్ వాళ్లు నాలుగు రాత్రుల ప్యాకేజీ ఇచ్చారు. రోజుకు మూడు చోట్లు. పొద్దున ఏడున్నరకల్లా హోటల్ ముందు బస్సు. వినడానికి ఏడున్నర బాగానే ఉంది. కానీ సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఏడున్నర అంటే మన పిల్లల ఒంటికి తెల్లవారుజామున ఐదు. గాఢ నిద్రలో ఉన్న పసివాళ్లను లేపి, మొహం కడిగి, తినకపోతే తిట్టి బస్సెక్కించాం. ఆకలితో, నిద్రతో మధ్యాహ్నానికి ఏడుపు. రాత్రి మనం పడుకుందామంటే వాళ్లకు నిద్ర రాదు, ఎందుకంటే అక్కడ పది గంటలంటే ఇక్కడ ఏడున్నరే. మూడోనాడు రాత్రి మనవడికి జ్వరం కాసింది. తప్పు పిల్లాడిది కాదు, మాది. డబ్బులు కట్టాం కాబట్టి అన్నీ చూడాలని మేము పడ్డ ఆత్రం అది.

అందుకే నా మాట విని రోజుకు ఒక్కటే పెట్టుకో. ఒక్కటంటే ఒక్కటే. పొద్దున నింపాదిగా లేవనివ్వు, కడుపు నిండా తిననివ్వు, పది గంటలకు బయలుదేరు. మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోబెట్టు. సాయంత్రం ఐదింటికి లేస్తే రాత్రి తొమ్మిది దాకా హుషారుగా ఉంటారు. ఆ రెండున్నర గంటల తేడా పొద్దున మనకు అడ్డం, సాయంత్రం మనకు లాభం. గార్డెన్స్ బై ది బే అని ఒక పెద్ద తోట ఉంది, అందులో పెద్ద పెద్ద లోహపు చెట్ల కింద దీపాల ఆట రాత్రి 7:45కు ఒకసారి, 8:45కు ఒకసారి ఉంటుంది. మొదటిదానికి పోండి. మన పిల్లల లెక్కన అప్పుడు ఐదుంబావే, నిద్రమొహాలు ఉండవు. నేల మీద ఒక దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుని చూడాలి. మా మనవరాలు అరుస్తూ చప్పట్లు కొట్టిన ఆ పావుగంట నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు కాగితాల సంగతి. పెద్దదాని పాస్‌పోర్టు వెంటనే తీసి చూడు. ఆర్నెల్ల పిల్లప్పుడు తీయించారు కదా. చిన్న పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే నడుస్తుంది. పైగా ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కాబట్టి అది పనికిరాదు, మళ్లీ తీయించాల్సిందే. చిన్నోడికి కొత్తగా తీయాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే తీసుకుంటారు. అందులో పేరు, ఇంటిపేరు, మీ ఇద్దరి పేర్లు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూసుకో. మన దగ్గర ఇంటిపేరును పొడి అక్షరంగా రాయడం అలవాటు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు వద్దు, ఇంటిపేరు పూర్తిగా రాయించు. ఇద్దరు పిల్లలకూ తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి కాబట్టి ఆ రోజు అల్లుడు కూడా సెలవు పెడితే పని ఒక్కసారిలో అయిపోతుంది. దీనికోసం హైదరాబాద్ పోనక్కర్లేదు, మన నల్లగొండ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. నాలుగేళ్లలోపు పిల్లలకు అక్కడ ఫొటో తీయరు, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించిన ఫొటో మనమే పట్టుకుపోవాలి. చిన్నోడు కెమెరా వైపు చూసేసరికి ఒక పూట పడుతుంది, ముందురోజే తీయించు.

వీసా వచ్చాక ఇంకొకటి ఉంది. సింగపూర్‌లో దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. చంటిపిల్లాడితో సహా ప్రతి ఒక్కరికీ విడిగా నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు, వాళ్ల ప్రభుత్వ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లోనే నింపు.

చిన్నోడికి నవంబర్‌లో రెండు నిండుతాయి. రెండు నిండనంత వరకు ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, టికెట్ తక్కువలో అయిపోతుంది. ఒకవేళ ప్రయాణం వెనక్కి జరిగి, తిరుగు ప్రయాణం నాటికి వాడికి రెండు నిండితే ఆ టికెట్‌లో వాడికి సీటు కొనాలి. తేదీలు మార్చేటప్పుడు ఇది మర్చిపోకు.

మిర్యాలగూడ నుంచి శంషాబాద్ దాకా మూడు నాలుగు గంటల ప్రయాణం ఉంది మీకు. చిట్యాల దాటాక రోడ్డు ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం, పండుగ రద్దీ వేరే. విమానం రాత్రిపూట అయితే మధ్యాహ్నమే బయలుదేరండి. పిల్లలకు సద్ది కట్టుకో. పెరుగన్నం, రెండు చపాతీలు, అరటిపళ్లు. ఎయిర్‌పోర్టులో తోసుకుంటూ పరుగెత్తడం కంటే గంట ముందు పోయి పిల్లలను విమానాలు చూడనివ్వడం మంచిది. చిన్నోడి తోపుడుబండి విమానం గుమ్మం దాకా తీసుకుపోవచ్చు, అక్కడ తీసుకుని దిగాక ఇస్తారు. పెద్దలకు లోపలికి నూరు మిల్లీలీటర్లకు మించి ద్రవాలు రానివ్వరు గానీ పసిపిల్లల పాలకు, ఆహారానికి మినహాయింపు ఉంటుంది. చెకింగ్ దగ్గర అడగకముందే బయటికి తీసి చూపించు.

చెవుల గురించి బాగా గుర్తుపెట్టుకో. విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి పిల్లలకు చెవులు నొస్తాయి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ. గుటక వేస్తూ ఉంటే నొప్పి తగ్గుతుంది. చిన్నోడికి పాలో నీళ్లో తాగించు, పెద్దదానికి చప్పరించడానికి ఏదైనా ఇవ్వు. దిగే ముందు గాఢ నిద్రలో ఉంటే మెల్లగా లేపు, నిద్రలో గుటకలు తక్కువ పడతాయి. జలుబు బాగా ఉంటే బయలుదేరే ముందే డాక్టరుకు చూపించు.

మందుల దగ్గర మేము పడ్డ టెన్షన్ ఎవరూ పడకూడదు. మనవడికి జ్వరం వచ్చిన రాత్రి మా సంచిలో రెండు జ్వరం సీసాలు ఉన్నాయి. రెండూ పారాసిటమాలే. ఒకదాంట్లో ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, రెండోదాంట్లో 250. ఏది ఎంత పోయాలో అర్థం కాక రాత్రి రెండింటికి నా కూతురు వణికిపోయింది. నువ్వు ఒక్క రకం సీసానే తీసుకుపో. బయలుదేరే ముందు పిల్లలిద్దరినీ తూకం వేయించి, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకోసారి అన్నది మీ పిల్లల డాక్టరుతోనే రాయించుకుని ఆ చీటీ సీసాకు అంటించు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, వాంతుల మందు, థర్మామీటరు చేతిసంచిలోనే ఉండాలి. కోడీన్ కలిసిన దగ్గు మందులు అక్కడికి తీసుకుపోవద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ పిల్లల పేర్లతో సహా తప్పకుండా చేయించు. లిటిల్ ఇండియా అని మనవాళ్ల దుకాణాలుండే పేటకు దగ్గర్లోనే కేకే అని స్త్రీలకు, పిల్లలకు పెద్ద ఆసుపత్రి ఉంది, ఫోన్‌లో మ్యాప్‌లో గుర్తుపెట్టి ఉంచు. అంబులెన్స్‌కు 995. అవసరం రాకూడదనే కోరుకుంటాను, కానీ తెలిసి ఉంటే రాత్రిపూట గుండె నిబ్బరంగా ఉంటుంది.

తిండి విషయంలో మీ అమ్మ సంచులకు సంచులు కట్టిస్తుంది, నాకు తెలుసు. సకినాలు, గారెలు, పల్లి పొడి, అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, అన్నీ పట్టుకుపో. గదిలో వేడినీళ్ల కెటిల్ ఉంటే చాలు, పిల్లల ఒక పూట గడుస్తుంది. కుడకలు మాత్రం పెట్టనివ్వకు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకు కింద లెక్క కాబట్టి విమానంలో రానివ్వరు. గసగసాలు అసలే వద్దు. మనకు అవి కూరలో వేసుకునే దినుసే గానీ నల్లమందు మొక్క గింజలు కాబట్టి సింగపూర్‌లో నిషేధం, దుబాయ్‌లో కూడా అంతే. మసాలా పొడి కొట్టేటప్పుడు అందులో గసగసాలు పడకుండా అమ్మకు ముందే చెప్పు. చికెన్, మటన్ పచ్చళ్లు ఇంట్లోనే ఉంచండి. మీతో వచ్చే మీ అత్తమ్మగారికి పాన్‌లో జర్దా అలవాటు ఉన్నట్టు గుర్తు. నమిలే తంబాకు కూడా అక్కడ నిషేధమే, ఆమె మనసు నొచ్చుకోకుండా అల్లుడితోనే చెప్పించు. పవర్ బ్యాంకు పెద్ద సూట్‌కేసులో పెట్టకూడదు, చేతిసంచిలో పెట్టుకో.

లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద మనకు అలవాటైన ఇడ్లీ, దోశ, పెరుగన్నం దొరుకుతాయి. అక్కడ కోమల విలాస్ అనే హోటల్ 1947 నుంచి నడుస్తోంది. ఆ పక్కలకు దగ్గరగా గది తీసుకుంటే రోజూ రాత్రి పిల్లలకు ఏం పెట్టాలన్న దిగులుండదు. దీపావళికి ముందు ఆ వీధంతా దీపాలు కడతారు, మీరు పోయే రోజులు అవే. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగవచ్చు, సీసాలు కొనక్కర్లేదు. పాలు మాత్రం మన పాల రుచి ఉండవు. ఇక్కడే వారం ముందు నుంచి డబ్బా పాలు అప్పుడప్పుడు తాగించి అలవాటు చెయ్యి.

ఏం చూడాలంటావా, మొదటి స్థానం జూకే. పెద్దదానికి ఏనుగులు, కోతులంటే ప్రాణం కదా, ఒక రోజంతా దానికే ఇవ్వు. జురాంగ్ పక్షుల పార్కు గురించి ఎవరైనా చెప్తే, అది 2023లో మూసి పక్షులను మండాయిలో జూ పక్కకే మార్చారు. రెండూ ఒకే రోజు పెట్టుకోకు. గార్డెన్స్ బై ది బేలోనే ఉన్న క్లౌడ్ ఫారెస్ట్‌లో గాజు గది లోపల 35 మీటర్ల జలపాతం పడుతుంటుంది, బయట వాన వచ్చినప్పుడు అక్కడికి పోవడం మంచిది. అదే తోటలో పిల్లలు నీళ్లలో ఆడుకునే చోటు ఉంది, టికెట్ లేదు. రెండు జతల బట్టలు పట్టుకుపో, తడవకుండా ఎవరూ రారు. మా మనవడిని ఇప్పుడడిగినా పెద్ద పెద్ద భవనాలు గుర్తులేవు, ఆ నీళ్లే గుర్తున్నాయి.

మెట్రోలో తొంభై సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. లోపల తినడం, తాగడం కుదరదు, నీళ్లు తాగినా జరిమానా వేస్తారు. రైలెక్కే ముందే చిన్నోడికి పాలు పట్టు. వాళ్ల కదిలే మెట్లు మన దగ్గర వాటికంటే వేగం. మెత్తటి రబ్బరు చెప్పులు అంచులో ఇరుక్కుంటాయి, అందుకని పిల్లలకు బూట్లే వెయ్యి, బండి ఉన్నప్పుడు లిఫ్టులోనే పో. రోజూ గది నుంచి బయలుదేరేటప్పుడు పిల్లలిద్దరినీ ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసుకో. హోటల్ కార్డు, నీ నంబరు పెద్దదాని జేబులో పెట్టు. అమ్మ కనిపించకపోతే వెతుక్కుంటూ పోవద్దని, ఉన్నచోటే నిలబడాలని ఇప్పటినుంచే నేర్పు.

ఇంకొక్క మాట. పోయే ముందు ఒక ఆదివారం పిల్లలను సాగర్ తీసుకుపో. అవే బూట్లు, అదే బండి, అదే సంచి. లాంచీ ఎక్కించి నాగార్జునకొండ చూపించి సాయంత్రానికి రా. ఎవరికి ఎప్పుడు ఆకలవుతుంది, చిన్నోడు ఎంతసేపు బండిలో కూర్చుంటాడు, అత్తమ్మగారు ఎంత దూరం నడవగలరు, అన్నీ ఆ ఒక్క రోజులో తెలిసిపోతాయి. రెండోసారి పోయేముందు మేము ఇదే చేశాం.

మా మనవరాలి తోపుడుబండి ఇంకా గట్టిగానే ఉంది, మడిస్తే చేతిసంచంత అవుతుంది. చక్రాలకు నూనె వేయించి తుడిచి ఉంచాను. పాస్‌పోర్టు పనికి నల్లగొండ వచ్చినప్పుడు ఇంటికి రండి, పిల్లలకు సర్వపిండి చేసి పెడతాను, బండి కూడా తీసుకుపోవచ్చు.

నీ పెద్దమ్మ