ఇంప్రెషనిస్టు (19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళా శైలి) చిత్రంలో కథే ఉండదు కదా, దాన్నుంచి బ్యాలే ఎలా తయారవుతుంది?

కొరియోగ్రాఫర్ చిత్రాన్ని ఉన్నదున్నట్టు స్టేజీ ఎక్కించడు. అందులోని భంగిమ, వెలుతురు, అందులో కనిపించే మనిషి బతుకు తీసుకుని కథ, అడుగులు తనే అల్లుకుంటాడు. ఎందుకంటే ఇంప్రెషనిస్టులు ఎక్కువగా పట్టుకున్నది ఒక్క క్షణాన్ని. దానికి ముందేం జరిగిందో, తర్వాతేమైందో కాన్వాస్ చెప్పదు.

ఉదాహరణకు, ఫ్రెంచి చిత్రకారుడు డెగా చేసిన పద్నాలుగేళ్ల నర్తకి మైనపు శిల్పం (చిత్రం కాదు గానీ, 1881లో ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలోనే పెట్టారు) ఆధారంగా 2003లో పారిస్ ఒపేరాలో కొరియోగ్రాఫర్ పాత్రిస్ బార్ ఒక బ్యాలే రూపొందించాడు. శిల్పంలో కనిపించేదల్లా గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డ పిల్ల, ఆమె ఒంటిమీద అసలు గుడ్డతో కుట్టిన స్కర్టు. మోడల్‌గా నిలబడ్డ ఒపేరా నాట్యపాఠశాల విద్యార్థిని మరీ వాన్ గోతెమ్ జీవితమే బ్యాలేకి కథావస్తువు అయింది.

డెగా థియేటర్లో కూర్చుని ప్రదర్శన చూస్తూ గీశాడని, ఆ చిత్రాల్లోంచి అప్పటి అడుగులు రాబట్టవచ్చని చాలామంది అనుకుంటారు. నిజానికి స్కెచ్‌లు, మోడళ్ల సాయంతో ఎక్కువగా స్టూడియోలోనే గీశాడు. పైగా ఆయన నర్తకుల్లో చాలామంది అసలు నాట్యమే చేస్తుండరు. రిబ్బన్ సర్దుకుంటూనో, వీపు గోక్కుంటూనో ఉంటారు.