మసాజ్ ముందా, కప్పులు ముందా?

ప్రశ్న: రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని భుజాల మధ్య పట్టేస్తోంది. నెలకోసారి మసాజ్ చేయించుకుంటాను. ఈసారి కప్పింగ్ (ఒంటిమీద కప్పులు బోర్లించి, లోపలి గాలి లాగేసి చర్మాన్ని పైకి లాగడం) కూడా చేస్తామంటున్నారు. రెండూ ఒకేరోజు చేయించుకోవచ్చా?

జవాబు: చేయించుకోవచ్చు. మసాజే ముందు. చెయ్యి కండను కిందికి నొక్కుతుంది, కప్పు పైకి లాగుతుంది. బిగుసుకున్న చోట నేరుగా కప్పు పెడితే నొప్పెడుతుంది కాబట్టి, పది పదిహేను నిమిషాలు నువ్వుల నూనెతో మర్దన చేశాకే కప్పులు పెట్టాలి.

ఎక్కువమంది పొరబడేది ఆ నూనె దగ్గరే. కప్పు ఒకేచోట నిలవాలంటే జిడ్డు తుడిచేసి, అంచు ఆనేచోట పలుచటి పూత మాత్రం ఉంచాలి. నూనె ఎక్కువైనా, వెంట్రుకలు అడ్డొచ్చినా గాలి దూరి కప్పు ఊడిపోతుంది. అదే కప్పును జరుపుతూ చేయాలంటే నూనె బాగా ఉండాలి, లాగుడు తక్కువుండాలి. వెన్నెముక మీద జరపకూడదు, దాని పక్క కండ వెంటే.

పంపుతో గాలి లాగే కప్పయితే మొదటిసారి రెండు లాగులు, ఐదు నిమిషాలు చాలు. అలవాటయ్యాక పది. కప్పును పీకకూడదు. వాల్వు ఎత్తాలి, సిలికాన్ కప్పయితే అంచు పక్కన వేలితో నొక్కితే గాలి దూరి దానంతటదే వదులుతుంది. ఆ తర్వాత కప్పు పెట్టినచోట పడ్డ మచ్చల మీద మళ్లీ రుద్దనివ్వకండి.

హాయి కొద్దిరోజులే. కుర్చీ ఎత్తు మార్చకపోతే నొప్పి తిరిగొస్తుంది. చెయ్యి తిమ్మిరెక్కుతుంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మచ్చలు నల్లగా వస్తే చెడు రక్తం పోయినట్టేనా?

జవాబు: కాదు. సన్నటి రక్తనాళాలు చిట్లి చర్మం కింద రక్తం చేరుతుంది, అంతే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటిమీద కనబడ్డవి ఈ మచ్చలే. వారం పది రోజుల్లో పోతాయి. నీటిబొబ్బ లేచిందంటే లాగుడో సమయమో మితిమీరిందన్నమాట. దాన్ని చిదమకండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. హిజామా చేయించవచ్చా?

జవాబు: వద్దు. హిజామాలో చర్మానికి సన్నటి గాట్లు పెట్టి కప్పుతో రక్తం లాగుతారు. ఆ మాత్రలతో రక్తం ఓ పట్టాన ఆగదు, షుగరుతో గాట్లు త్వరగా మానవు. మాత్రలు ఆపి చేయిస్తాననుకోవడం ఇంకా ప్రమాదం. ఆయనకు మామూలు కప్పులు కూడా డాక్టరును అడగకుండా పెట్టించకండి.

ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు కొమ్ముతో, సొరబుర్రతో రక్తం లాగమన్న కాలం నుంచీ ఇది వైద్యుడి పనే. ఆరోగ్యవంతులైనా సరే, యునానీ డిగ్రీ ఉన్నవారి దగ్గరే, కొత్త బ్లేడు, కొత్త కప్పు కళ్లముందు విప్పాకే చేయించుకోవాలి. మసాజ్ సెంటర్లో ఎవరైనా బ్లేడు తీస్తే లేచి వచ్చేయండి.