నాన్నగారితో ముంబై డెర్బీకి

ప్రశ్న: మలక్‌పేట రేసులు చూస్తూ పెరిగిన నాన్నగారికి ముంబైలో ఇండియన్ డెర్బీ గుర్రప్పందెం చూపించాలని ఉంది. రెండు రోజుల్లో ఇంకేం చూడొచ్చు? మెట్లెక్కాలంటే ఆయనకు మోకాళ్ల నొప్పి. - ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. నేనూ మా నాన్నను తీసుకెళ్లాను. డెర్బీ మామూలుగా ఫిబ్రవరి మొదటి ఆదివారం, మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో జరుగుతుంది. 1883 నాటి మైదానం అది. పరుగు 2400 మీటర్లు, నాలుగేళ్ల గుర్రాలు. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ముందే పాడక్, అంటే పరుగుకు ముందు గుర్రాలను తిప్పే ఆవరణ దగ్గర నిలబడండి. అక్కడ గుర్రాలను నడిపిస్తారు, చెమట పట్టిన మెడలు, బిగిసిన కండలు దగ్గరగా కనిపిస్తాయి. మా నాన్న పందెం కాయలేదు, కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబై. శనివారం గేట్‌వే, మెరైన్ డ్రైవ్ చాలు. ఎలిఫెంటా గుహలు అద్భుతమే, కానీ పడవ దిగాక 120 మెట్లున్నాయి. ఈసారికి వద్దు. ఆదివారం ఉదయం రేస్‌కోర్స్‌కు దగ్గర్లోనే ఉన్న హాజీ అలీ దర్గాకు వెళ్లండి. సముద్రం పోటెత్తితే దర్గాకు వెళ్లే దారి నీట మునుగుతుంది, వేళ కనుక్కొని బయల్దేరండి.