ఏసీ పనంటే నిచ్చెనెక్కి కడగడమేనా? కావలి నుంచి ఒక నాన్న అడిగింది

ప్రశ్న: మాది కావలి పక్కన పల్లె. మావాడు పది పాసయ్యాడు, పాలీసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. ఇంటర్ ఎంపీసీలో చేర్చి కంప్యూటర్స్ బీటెక్ చేయిద్దామని మేమనుకుంటే, వాడేమో ఏసీ ప్లాంట్ పని నేర్చుకుంటా అంటున్నాడు. వాళ్ళవ్వని నెల్లూరు హాస్పిటల్లో పెట్టినప్పుడు వారం రోజులూ మేడ మీద ఆ పెద్ద మిషన్ల దగ్గరే తిరిగాడు. మా బావమరిది అక్కడే ఎలక్ట్రీషియన్, ఆయన చూపించాడంట. నిచ్చెనేసుకుని స్ప్లిట్ ఏసీలు కడిగే పనికి మంచి చదువు వదులుకోవాలా సార్?

జవాబు: అన్నా, మీ వాడు మేడ మీద చూసిందీ మీరు భయపడతా ఉండే నిచ్చెన పనీ ఒకటి కాదు. స్ప్లిట్ ఏసీ పని తక్కువదని కాదు, దాంతో ఇల్లు గడుపుకుంటా పిలకాయల్ని చదివించుకునే వాళ్ళు మనూళ్ళల్లో చాలామంది ఉండారు. కానీ పెద్ద బిల్డింగుల ఏసీ వేరే లోకం. నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఏడేళ్ళు ఒంగోల్లో ఒక హాస్పిటల్ ప్లాంట్ రూమ్‌లో చేశాను కాబట్టి చూసిందే చెప్తా.

పెద్ద బిల్డింగ్‌లో స్ప్లిట్ ఏసీ మాదిరి గది గదికీ చల్లబరిచే గ్యాస్ పోదు, నీళ్ళు పోతాయి. కింద షెడ్డులో చిల్లర్ అని ఉంటది, అది నీళ్ళని సుమారు 7 డిగ్రీలకి చల్లబరిస్తే పంపులు వాటిని అన్ని ఫ్లోర్లకీ తోస్తాయి, ప్రతి ఫ్లోర్‌లో బీరువా అంత రేకు పెట్టె ఒకటి ఉంటది, దాన్ని ఏహెచ్‌యూ అంటారు, దాంట్లో ఫిల్టర్లు, ఆ చల్లనీళ్ళు పారే రాగి గొట్టాల కాయిల్, పెద్ద ఫ్యాను. గదిలోని గాలి ఆ కాయిల్ మీదుగా పోయి చల్లబడి డక్టుల్లోంచి, అంటే గాలి పోయే పెద్ద రేకు గొట్టాల్లోంచి, మళ్ళీ గదికే వస్తది, నీళ్ళేమో గది వేడిని ఎక్కించుకుని 12 డిగ్రీలకి అటూఇటూగా చిల్లర్‌కి తిరిగొస్తాయి. చిల్లర్ ఆ వేడిని ఇంకో వరస నీళ్ళకి అంటగడతది, ఆ నీళ్ళు పైకిపోయి కూలింగ్ టవర్లో జల్లుగా పడతా పడతా కొంచెం ఆవిరై మిగతావి చల్లబడతాయి. మీవాడు నిలబడి చూసింది ఆ టవర్నే అయ్యుంటది. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్ళు ఎట్టా చల్లబడతాయో ఇదీ అంతే. ఏసీ చలిని పుట్టించదన్నా, లోపలి వేడిని మోసుకుపోయి బయట పారబోస్తది, అంతే.

మనది సముద్రం పక్కన ఊరు కాబట్టి ఇంకో సంగతి ఉంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు నీళ్ళు తొందరగా ఆవిరి కావు, అందుకని టవర్ ఎంత పెద్దదైనా ఒక హద్దు దాటి చల్లబరచలేదు, మే నెలలో ఉప్పుగాలి ఉక్కపోసే రోజున ప్లాంట్ ఆపరేటర్ తిప్పలు అక్కడే మొదలవుతాయి. అసలు 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే ఇంజినీరు మొదటి ఏసీని డిజైన్ చేసింది మనుషులు చల్లగా కూర్చునేదానికి కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం సాగి రంగులు పక్కకి జరిగిపోతా ఉంటే దాన్ని ఆపేదానికి. ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లలో పని అదే, గాలిని బాగా చల్లబరిచి దాంట్లో నీళ్ళు కారిపోయాక, మరీ చలి పెట్టకుండా మళ్ళీ రవంత వేడి చేసి పంపే ఏర్పాటు చాలా చోట్ల ఉంటది. ఒంగోలు ఎండల్లో హీటర్ ఎందుకురా అని నేను కూడా మొదట్లో నోరెళ్ళబెట్టా. థియేటర్లోకి గాలి ఎక్కువ తోసి బయటికంటే లోపల ప్రెజర్ ఎక్కువుండేటట్టు చూస్తారు, తలుపు తీసినా వరండా దుమ్ము లోపలికి రాకుండా. అంత జాగ్రత్త ఉండే పని అది.

ఇప్పుడు మీకు ఒక రోజు సంగతి చెప్తా, మీవాడికి కూడా చదివి వినిపించండి. రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు. మూడో ఫ్లోర్ వార్డు ఉడికిపోతా ఉంది, పేషెంట్ల వాళ్ళు విసనకర్రలు పట్టుకుని నర్సుల మీద అరుస్తా ఉన్నారు. బయట నుంచి వచ్చిన కాంట్రాక్టర్ మనిషి చిల్లర్‌లో గ్యాస్ తగ్గింది, నింపాల అని ఖర్చు లెక్క రాస్తా ఉన్నాడు. మా సీనియర్ ఒకాయన, ఐటీఐ చదివినాయన, ఏమీ మాట్లాడకుండా ఏహెచ్‌యూ దగ్గరికి పోయి పైపులకుండే రెండు థర్మామీటర్లూ చూశాడు. పోయే నీళ్ళు 7, తిరిగొచ్చే నీళ్ళు 8. "చూడబ్బయ్యా, నీళ్ళు పోయినవి పోయినట్టే చల్లగా తిరిగొస్తా ఉండాయి, అంటే చిల్లర్ బాగానే ఉంది, గాలే కాయిల్‌ని తాకట్లేదు" అన్నాడు. పెట్టె తలుపు తీస్తే ఫిల్టర్లు గోనెపట్ట మాదిరి దుమ్ము పట్టేసి ఉన్నాయి, ఫ్యాను బెల్టు వదులై జారతా ఉంది. ఫిల్టర్లు కడిగి, బెల్టు మార్చి నడిపితే గంటన్నరలో వార్డు చల్లబడింది. గ్యాస్ ఒక చుక్క కూడా ఎక్కించలేదు. అదే తిరిగొచ్చే నీళ్ళు 15, 16 చూపించి ఉంటే వెతికే చోటు వేరే, నీళ్ళు సరిపడా రావట్లేదనో, స్ట్రెయినర్‌లో, అంటే పైపులో ఉండే జల్లెడలో, చెత్త అడ్డం పడిందనో చూడాల. రెండు అంకెలు చూసి జబ్బు ఎక్కడుందో చెప్పడం, ఈ పనిలో తెలివి అంటే అదే. ఆయన్ని ఆ రోజు నుంచి పెద్ద డాక్టర్లు కూడా పేరు పెట్టి కాకుండా సార్ అని పిలిచేవాళ్ళు.

కష్టాలు దాచను. మొదటి రెండేళ్ళు షిఫ్టులు, రాత్రి డ్యూటీలు, గంటకోసారి లాగ్‌బుక్కులో రీడింగులు రాయాల, చాలామంది కుర్చీలో కూర్చునే పై గంట అంకెలే కిందికి దించేస్తారు, మీవాడు మాత్రం ఆ అలవాటు పడకూడదు, నిజం రీడింగు రాసినోడికే మిషన్ అర్థమవుతది. జీతం మొదట్లో తక్కువే. జనమంతా ఇంట్లో ఉండే ఎండల్లోనే మనకి ఎక్కువ పని. కరెంటుతో, మేడ అంచులతో, పెద్ద ఐస్ ఫ్యాక్టరీల్లో అయితే అమ్మోనియాతో జాగ్రత్తగా ఉండాల, అమ్మోనియా లీకైతే ఊపిరాడదు, మాస్కు లేకుండా లోపలికి పంపే చోట పని వద్దని తిరిగొచ్చెయ్యమనండి.

పని ఎక్కడుంటది అంటారా, మన చుట్టూనే ఉంది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీలు ఎన్ని ఉండాయో మీకే తెలుసు, గడ్డకట్టించిన రొయ్యని మైనస్ 18 డిగ్రీల కంటే వేడెక్కకుండా కాపాడేది ఇదే చదువు. తడ దగ్గర శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలు ఉండాయి. చెన్నై రైలెక్కితే చాలు, హాస్పిటళ్ళు, ఐటీ ఆఫీసులు, మాల్స్. గల్ఫ్‌లో అయితే ఒక్క ప్లాంట్ నుంచి చుట్టుపక్కల చాలా బిల్డింగులకి చల్లనీళ్ళు పైపుల్లో పంపుతారు.

ఇక చదువు. నన్నడిగితే పాలిటెక్నిక్‌లో మెకానికల్, మూడేళ్ళు. సీటు రాకపోతే ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్, రెండేళ్ళు, పది పాసైతే చాలు, కానీ ఆ ట్రేడ్ అన్ని ఐటీఐల్లో ఉండదు, చేరే ముందు ఆ కాలేజీ వర్క్‌షాప్‌లోకి పోయి పిలకాయలు నిజంగా మిషన్ విప్పుతా ఉండారా, బోర్డు మీద బొమ్మలేసి వదిలేస్తా ఉండారా అని మీ కళ్ళతో చూడండి. తర్వాత ఒక ఏడాది అప్రెంటిస్ తప్పకుండా చేయించండి. ఏ కోర్సు చేసినా వైరింగ్ అంటే భయం పోవాల, ఎందుకంటే ప్లాంట్‌లో నేను చూసిన రిపేర్లలో సగం కరెంటువే, మోటారు, దానికి కరెంటు కలిపే కాంటాక్టర్ స్విచ్చు, సెన్సర్, ఇట్టాంటివి. ఇప్పుడు పెద్ద బిల్డింగుల్లో మొత్తం కంప్యూటర్ స్క్రీన్ మీద నడుపుతారు, కాబట్టి మీరు కోరుకున్న కంప్యూటర్ కూడా దీంట్లోనే ఉందన్నా. డిప్లొమా అయ్యాక మనసు మారితే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, దారి మూసుకుపోదు. మూడు నెలల్లో ఏసీ ఇంజినీర్ని చేస్తాం, వేలకి వేలు కట్టండి అనే చోట్లకి మాత్రం పోవద్దు, అట్టా డబ్బులు పోగొట్టుకుని నా దగ్గరికొచ్చి ఏడ్చిన తండ్రుల్ని చూశా.

ఇంకా అనుమానంగా ఉంటే మీ బావమరిదిని అడిగి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎండ బాగా ఉన్నప్పుడు, మీరిద్దరూ కలిసే ప్లాంట్ రూమ్‌కి పోండి. ఆ చప్పుడులో, ఆ వేడిలో ఒక రెండు గంటలు ఉండండి. ఏహెచ్‌యూ దగ్గర రెండు థర్మామీటర్లు చూపించి ఏమర్థమైందిరా అని వాణ్ణి అడగండి, మీరు చెప్పొద్దు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు వాడు ఏం చెప్పాడో నాకు రాయండి.