‘యానిమల్’ నచ్చడం తప్పా? దెబ్బ పడ్డాక కెమెరా ఎటు తిరిగిందో చూడండి

ప్రశ్న: “సందీప్ రెడ్డి వంగా తీసిన ‘యానిమల్’ మీద మా స్నేహితుల మధ్య ఇప్పటికీ గొడవే. నాకు బాగా నచ్చింది. నచ్చిందంటే నీలోనే ఏదో తేడా ఉందంటున్నారు. మీరేమంటారు?”

నచ్చడం తప్పు కాదండీ. నాకూ నచ్చింది. థియేటర్లో ఒకసారి, ఓటీటీలో ఇంకోసారి చూశాను. కానీ నేనూ మా చెల్లీ ఈ సినిమా గురించి వాదించుకున్నంతగా ఇంకే సినిమా గురించీ వాదించుకోలేదు. చాలావరకు ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. అదెలా జరిగిందో చెప్పాలంటే ఇదే దర్శకుడి మొదటి సినిమా ‘అర్జున్ రెడ్డి’ దగ్గర మొదలుపెట్టాలి.

2017 ఆగస్టు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఆర్టీసీ బస్సు మీద అంటించిన ముద్దు పోస్టర్‌ను కాంగ్రెస్ నాయకుడు వి.హనుమంతరావు చింపేసిన వీడియో అప్పుడు అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది చూసి మా రూమ్‌లో నలుగురం టికెట్ల కోసం పరిగెత్తాం. ఎ సర్టిఫికెట్, మూడు గంటల సినిమా, అంతకుముందు ఒక్క సినిమా కూడా తీయని దర్శకుడు. ఆ హాల్లో మాకు కలిగినది ఇప్పుడు చెప్పినా సరిగ్గా అర్థం కాదేమో. తెర మీద ఒకడు మా కాలేజీ మాట మాట్లాడుతున్నాడు. మధ్యలో కామెడీ ట్రాక్ లేదు. హీరో పరిచయానికి పాట లేదు. తాగి ఆపరేషన్ చేశాడన్న విచారణలో, బయటపడటానికి దారులున్నా, “అవును, తాగాను” అని ఒప్పేసుకుంటాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. అలాంటి నిజాయితీ ఉన్న హీరోని నేను అంతకుముందు చూడలేదు. ఆ సినిమాకి నాలుగుసార్లు వెళ్లాను.

ఆ రోజుల్లోనే మా క్లాసులో ఒకమ్మాయిని ఇష్టపడ్డాను. చెప్పాను. ఆమె వద్దంది. నసగలేదు, టైమ్ కావాలని అడగలేదు, స్పష్టంగా వద్దంది. నేను వాళ్ల హాస్టల్ ముందు వారం రోజులు నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు, దగ్గరికి వెళ్లలేదు, సాయంత్రం ఆరు నుంచి గేటు మూసేదాకా ఊరికే నిలబడ్డాను. గడ్డం పెంచాను. మావాళ్లు నన్ను “మన అర్జున్ రెడ్డి” అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నేను చేస్తున్నది సిన్సియర్ ప్రేమ అని మనస్ఫూర్తిగా నమ్మాను.

సినిమా చూసి చెడిపోయానని మాత్రం చెప్పను, అది అబద్ధం అవుతుంది. అమ్మాయిల వెంట తిరగడం అర్జున్ రెడ్డి పుట్టించిన అలవాటు కాదు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా మన హీరోలు కాలేజీ గేట్ల దగ్గర హీరోయిన్లను ఏడిపిస్తూనే ఉన్నారు, దానికి మనం నవ్వుతూనే ఉన్నాం. నిజానికి ఈ సినిమా దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. అందుకే నాకది ఇంకా బలంగా తాకింది. నాలో ముందే ఉన్న మొండితనానికి ఒక గొప్ప పేరు దొరికింది, అంతే. “సినిమాలు చూసి ఎవడూ మారడు” అని అభిమానులు, “ఈ సినిమాలు కుర్రాళ్లని నాశనం చేస్తున్నాయి” అని విమర్శకులు అరుచుకుంటుంటే నేను రెండు వైపులా చేరలేకపోవడానికి కారణం ఇదే.

నాలుగేళ్ల తర్వాత మా చెల్లి డిగ్రీ చదువుతోంది. ఒకరోజు రాత్రి అన్నం తింటూ మామూలుగా చెప్పింది, బస్టాప్ దగ్గర ఒకబ్బాయి నాలుగు నెలలుగా నిలబడుతున్నాడని. నాలుగు నెలలు! నాకు ఎందుకు చెప్పలేదంటే, “ఏం చెప్పమంటావ్ అన్నా? వాడు ఏమీ అనడు కదా” అంది. ఆ నాలుగు నెలల్లో తను బస్సు మార్చింది. ఇంటి నుంచి నలభై నిమిషాలు ముందు బయల్దేరడం మొదలుపెట్టింది. నడిచేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం మానేసింది, వెనక అడుగుల చప్పుడు వినపడాలని. “ఏదో చేస్తాడని కాదన్నా. ఏం చేస్తాడో తెలీదు. రోజంతా అదే టెన్షన్” అంది.

మర్నాడు వెళ్లి వాణ్ణి పట్టుకున్నాను. కొట్టాలనే వెళ్లాను. వాడు చేతులు కట్టుకుని, కళ్లలో నీళ్లతో, “నేను సిన్సియర్‌గా ప్రేమిస్తున్నా అన్నా, ఒక్క తప్పుడు మాట కూడా అనలేదు” అన్నాడు. నా మాటే. 2017లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే అచ్చంగా అదే చెప్పేవాణ్ణి. ఇంకెప్పుడూ రావొద్దని చెప్పి వచ్చేశాను. వాడు మళ్లీ రాలేదు. కానీ హాస్టల్లో ఉన్న ఆ అమ్మాయి ఆ వారం ఏం చేసి ఉంటుందన్న ఆలోచన నాకు మొదటిసారి అప్పుడే వచ్చింది. నాకు తెలిసిందల్లా గేటు బయట నా బాధ. గేటు లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత ‘అర్జున్ రెడ్డి’ మళ్లీ చూశాను. ఈసారి హీరోయిన్ ప్రీతి ఎక్కడుందో వెతుక్కుంటూ చూశాను. ప్రీతిని చెంప మీద కొట్టి, ఆరు గంటలు గడువు పెట్టి అర్జున్ వెళ్లిపోతాడు. అక్కడి నుంచి కెమెరా అతనితోనే వెళ్తుంది. అతని మత్తు, అతని స్పృహ తప్పడం, అతని గడ్డం, అతని కుక్క, అతని సర్జరీలు, అతని నానమ్మ. ప్రీతికి ఇష్టంలేని పెళ్లి జరిగింది, ఇల్లు వదిలి బయటికొచ్చింది, కడుపుతో ఒంటరిగా బతికింది. అంత పెద్ద కథ తెర మీద లేదు. చివర్లో పార్కులో ఆమె కొన్ని మాటల్లో చెబుతుంది, అంతే. నాలుగుసార్లు చూసినప్పుడు ఈ లోటు నాకు కనిపించనే లేదు. కనిపించకుండా తీయడంలోనే ఆ దర్శకుడి బలం ఉంది. హీరో బాధలోకి మనల్ని అంత లోతుగా లాగేస్తాడు, పక్క మనిషి గుర్తుకు రాదు.

‘యానిమల్’ 2023 డిసెంబర్ 1న వచ్చింది. ఆ వారమే చెల్లీ నేనూ కలిసి వెళ్లాం. మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాల సినిమా. ముందుగా నచ్చినవి చెబుతాను, ఎందుకంటే దీన్ని విమర్శించేవాళ్లు చాలామంది ఆ మాట ఎత్తరు. తండ్రి కోసం అలమటించే కొడుకు పాత్రలో రణ్‌బీర్ కపూర్ చేసింది చిన్న పని కాదు. తండ్రీ కొడుకులు స్థానాలు మార్చుకుని, “నువ్వు నేనవు, నేను నాన్ననవుతాను” అన్నట్టు ఆడే సన్నివేశంలో మా పక్క సీటు పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. ఎడిటింగ్ సందీప్ రెడ్డే చేసుకున్నాడు. ఏ షాట్‌ను ఎంతసేపు ఉంచాలో అతనికి తెలిసినంత బాగా మన దగ్గర కొద్దిమందికే తెలుసు. మాటే లేని పాత్రలో బాబీ డియోల్ తలమీద గ్లాసు పెట్టుకుని వచ్చినప్పుడు హాలు ఊగిపోయింది. హర్షవర్ధన్ రామేశ్వర్ నేపథ్య సంగీతం గురించి కొత్తగా చెప్పేదేముంది, ‘అర్జున్ రెడ్డి’కీ ఆయనే ఇచ్చారు. ‘యానిమల్’ బీజీఎంకు ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది, సౌండ్ డిజైన్‌కు కూడా వచ్చింది. అవి దక్కాల్సిన అవార్డులే. ఇంటర్వెల్ ముందు వచ్చే హోటల్ ఫైట్ లాంటిది చాలా అరుదుగా చూస్తాం. సెకండాఫ్ మాత్రం నాకు లాగ్ అనిపించింది. చివర్లో పేర్లు పడ్డాక వచ్చే నరుకుడు అస్సలు అక్కర్లేదు.

ఇక మా గొడవ. భర్త క్షేమం కోసం భార్యలు ఉపవాసం ఉండే కర్వా చౌత్ రాత్రి, హీరో భార్య గీతాంజలి (రష్మిక) అతన్ని నిలదీసే సన్నివేశం ఉంది. ట్రైలర్ వచ్చినప్పుడు రష్మిక పళ్లు బిగపట్టి మాట్లాడిన ఒక్క ముక్క పట్టుకుని అందరూ ట్రోల్ చేశారు. హాల్లో ఆ సన్నివేశం మొత్తంగా వచ్చినప్పుడు ఒక్కరు నవ్వలేదు. చెల్లి సీట్లో ముందుకు జరిగి కూర్చుంది. అంతసేపు ఒక భార్య కోపాన్ని, నొప్పిని అలా చూపించిన పెద్ద హీరో సినిమా నాకైతే గుర్తు రాలేదు. అదే సినిమాలో, తనను ప్రేమిస్తున్నానన్న జోయా అనే అమ్మాయిని తన బూటు నాకమని హీరో అంటాడు. ఆమె వంగుతుంది. అక్కడ మా వెనక వరసల్లో ఎవరో విజిల్ వేశారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. నేను తెరవైపు చూస్తున్నాను. చెల్లి తెర వదిలేసి వెనక్కి తిరిగి చూసింది.

బయటికొచ్చాక నేను మొదలుపెట్టాను. అతను చెడ్డవాడని దర్శకుడు పేరులోనే చెప్పాడు కదా, ఆ మాట అన్నాక అతనే వెళ్లిపోయాడు కదా, ఆమె గూఢచారిగా వచ్చింది కదా అని. చెల్లి అంతా విని, “రష్మిక సీన్ నాకెందుకు నచ్చిందో తెలుసా? ఆమె మాట అయిపోయేదాకా ఆగారు. మిగతా సినిమాలో ఎవరి కోసమూ ఆగలేదు” అంది. ఇంటికొచ్చేదాకా నేనేం మాట్లాడలేదు.

2024 జనవరి 26న నెట్‌ఫ్లిక్స్‌లోకి రాగానే మళ్లీ చూశాను, ఆమె చెప్పింది సరిచూసుకుందామని. మీరూ ఒకసారి అలా చూడండి. హీరో ఒకరిని గాయపరిచిన ప్రతిచోటా, ఆ తర్వాత వచ్చే షాట్‌లో ఎవరి ముఖం ఉంది? దెబ్బ తిన్నవాళ్లదా, కొట్టినవాడిదా? చెడ్డపని చూపించినంత మాత్రాన సినిమా చెడ్డదైపోదు. కానీ ఆ పని తర్వాత మనల్ని ఎవరి పక్కన నిలబెట్టారో దాన్నిబట్టే హాల్లో విజిల్ పడుతుంది, లేదా నిశ్శబ్దం పడుతుంది. ఒకే హాల్లో, అదే జనం, గీతాంజలి మాట్లాడేటప్పుడు నోరు మెదపలేదు. అంటే ఆ నిశ్శబ్దాన్ని తెప్పించడం ఈ దర్శకుడికి చేతకాక కాదు. చేతనైనవాడు మిగతాచోట్ల ఎందుకు ఆగలేదన్నదే నా బాధ.

మీ స్నేహితుల్లో సినిమాను వెనకేసుకొచ్చేవాళ్లు మాఫియా సినిమాల ప్రస్తావన తెస్తారు. “వందమందిని చంపితే చప్పట్లు కొడతారు, ఒక చెంపదెబ్బకి ఇంత రాద్ధాంతమా?” అంటారు. నేనూ చాలాకాలం ఇదే అన్నాను, ఇందులో బలం ఉంది కూడా. కానీ మెషిన్‌గన్‌తో మూడు వందల మందిని కాల్చేసి ఇంటికి రావాలని మా హాల్లో ఎవరికీ అనిపించి ఉండదు. చెంపదెబ్బ అలా కాదు, అది ప్రతి ఇంట్లో చేతికి అందేంత దూరంలో ఉంది. గేటు ముందు నిలబడటానికైతే చెయ్యి కూడా ఎత్తక్కర్లేదు.

ప్రపంచవ్యాప్తంగా 900 కోట్లు దాటింది కాబట్టి జనం ఒప్పుకున్నట్టే అనే వాదన నాకు ఎక్కదు. ఆ లెక్కలో నా టికెట్ ఉంది, మా చెల్లి టికెట్ కూడా ఉంది. అలాగే రాజ్యసభలో కాంగ్రెస్ ఎంపీ రంజీత్ రంజన్ ఈ సినిమా గురించి మాట్లాడుతూ, చూడలేక తన కూతురు ఏడుస్తూ మధ్యలోనే బయటికొచ్చేసిందని చెప్పినప్పుడు ఆమెను వెక్కిరించినవాళ్లంటే నాకు కోపం వచ్చింది. హాల్లో ఒకరు చప్పట్లు కొట్టారంటే ఎంత నిజమో, ఒకరు లేచి వెళ్లిపోయారంటే అదీ అంతే నిజం. ఇటు విమర్శించేవాళ్లు చేసే తప్పు కూడా చిన్నదేం కాదు. నచ్చిందన్న ప్రతి కుర్రాణ్ణీ నేరస్తుణ్ణి చూసినట్టు చూస్తే వాడు ఇంకేమీ వినడు. నన్ను అప్పట్లో ఎవరైనా అలా అని ఉంటే, ఇంకో వారం ఎక్కువ నిలబడేవాణ్ణి.

సందీప్ రెడ్డి ఇంటర్వ్యూలు కూడా ఈ గొడవను పెంచాయి. 2019లో ‘అర్జున్ రెడ్డి’ని హిందీలో ‘కబీర్ సింగ్’గా తీశాక, ప్రేమించుకునేవాళ్లకు ఒకరినొకరు కొట్టుకునేంత చనువు లేకపోతే అందులో ఎమోషన్ ఏముంటుందన్న అర్థంలో మాట్లాడాడు. సినిమాలో పాత్ర అలా అంటే అది పాత్ర మాట అనుకుంటాం. తీసినవాడే అన్నాక, “అది పాత్ర తప్పండీ” అని అభిమానిగా నేను వెనకేసుకొచ్చే వీలు లేకుండా పోయింది. ఆరోజు నాకు నిజంగా బాధేసింది.

మీ స్నేహితులతో ఈసారి సినిమా మొత్తం మంచిదా చెడ్డదా అని కాకుండా ఒక్క సన్నివేశం పెట్టుకుని మాట్లాడండి. ఇద్దరూ కలిసి చూసి, దెబ్బ పడ్డాక ఆపి, ఇప్పుడు ఆమె ఎక్కడుంది అని అడగండి. మేమిద్దరం అలాగే చేశాం. కొన్నిచోట్ల చెల్లి నా మాటకు వచ్చింది, ఎక్కువచోట్ల నేనే ఆమె మాటకు వెళ్లాను.

హాస్టల్ అమ్మాయికి క్షమాపణ చెబుతూ ఒక మెసేజ్ పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను. రాసి కూడా పెట్టుకున్నాను. పంపేముందు చెల్లికి చూపించాను. చదివి ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, “వద్దన్నా. ఇన్నేళ్ల తర్వాత ఫోన్‌లో నీ పేరు కనపడగానే ఆమెకి మళ్లీ గేటు ముందు నువ్వు నిలబడినట్టే ఉంటుంది” అంది. డిలీట్ చేసేశాను.